డైరీనా, ఫోనా, ట్యాబ్‌లో చేతిరాతా: రోజువారీ ప్లానింగ్‌కి ఏది మేలు?

ట్యాబ్‌లో ప్లానర్ రాస్తానని తెలిసిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే: "ఐప్యాడ్ కొనమంటారా, శాంసంగ్ కొనమంటారా?" చెబుతాను. కానీ అంతకుముందు అసలు ట్యాబ్ అవసరమా అన్నది తేలాలి. జనవరిలో ఎల్‌ఐసీ ఏజెంటు ఊరికే ఇచ్చే డైరీ ఉంది, జేబులో ఫోన్ ఉంది. ఈ రెండింటినీ కాదని డబ్బు పెట్టడానికి కారణం ఉండాలి కదా.

ఫోన్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. టైముకి మోగాల్సినవన్నీ ఫోన్‌లోనే ఉండాలి: డాక్టర్ అపాయింట్‌మెంట్, కరెంటు బిల్లు ఆఖరి తేదీ లాంటివి. చేత్తో ఎంత అందంగా రాసుకున్నా అది మోగదు. ట్యాబ్ కొన్నాక కూడా ఫోన్‌లో క్యాలెండర్ యాప్ తీసెయ్యకండి, ఉండనివ్వండి.

నా లెక్కలో అసలు పరీక్ష రాత్రిపూట ఉంటుంది. ఇవాళ చేద్దామనుకుని చెయ్యని పనులు రేపటికి ఎలా వెళ్తాయి? డైరీలో మళ్లీ రాయాల్సిందే. "ఆధార్‌లో అడ్రస్ మార్పించాలి" అని నాలుగోసారి రాసేటప్పటికి మనకే విసుగొచ్చి ఆ పని చేసేస్తాం, లేదా కొట్టేస్తాం. ఆ విసుగే డైరీ బలం. ఫోన్ యాప్‌లో గడువు దాటినవన్నీ ఎర్రగా పేరుకుపోతాయి. వారం తిరిగేసరికి ఆ యాప్ తెరవాలంటేనే టెన్షన్.

ట్యాబ్‌లోని నోట్స్ యాప్‌లో లాసో అనే టూల్ ఉంటుంది. మిగిలిన పనుల చుట్టూ పెన్నుతో ఒక గీత గీసి, కట్ చేసి, రేపటి పేజీలో పేస్ట్ చేస్తే సరి. అక్షరాలు మనవే, శ్రమ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. శ్రమ లేకపోతే ఆలోచన కూడా ఉండదు. చెయ్యని పని నెలంతా పేజీలు మారుతూనే ఉంటుంది. అందుకే రోజువారీ పనులకు నేను లాసో వాడను. నిన్నటి పేజీ చూసి, నిజంగా చెయ్యాలనుకున్నవే మళ్లీ చేత్తో రాస్తాను. శనివారం అనుకున్న పెళ్లి షాపింగ్ ఆదివారానికి మారిందనుకోండి, ఆ లిస్టు మొత్తాన్ని మాత్రం లాసోతో లాగేస్తాను. అదే డైరీలో అయితే కొట్టివేతలు, బాణం గుర్తులు, చివరికి ఏది ఎక్కడుందో తెలియదు. మళ్లీ రాయాలా, లాగెయ్యాలా అన్నది మన చేతిలో ఉండటం వల్లే నా ఓటు ట్యాబ్‌కి.

తెలుగులో రాసుకునేవాళ్లకు ఇంకో సుఖం ఉంది. ఒత్తుల కోసం కీబోర్డుతో కుస్తీ పట్టక్కర్లేదు. "అత్తయ్యగారికి బీపీ మాత్రలు" అని గబుక్కున గీకేయొచ్చు. సెర్చ్ మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. పేజీ మీద ఒక మూల విషయం పేరు ఇంగ్లీషులో రాసి ఉంచితే తర్వాత దొరుకుతుంది. ఇక బయట దొరికే పీడీఎఫ్ ప్లానర్లలో తిథులు, రాహుకాలం ఎక్కడివి? గోడ మీది క్యాలెండర్‌లో ఆ నెల పేజీని ఫొటో తీసి, ప్లానర్‌లో నెల పేజీ పక్కన అతికిస్తే సరిపోతుంది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ కూడా అక్కడే రాసుకోవచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం. ప్లానింగ్ ఒక్కదానికే అయితే శాంసంగ్. 2020లో వచ్చిన ట్యాబ్ ఎస్6 లైట్‌కి గానీ, 2023 నాటి ఎస్9 ఎఫ్‌ఈకి గానీ శాంసంగ్ వాళ్ల పెన్ను, ఎస్ పెన్, డబ్బాలోనే వస్తుంది. రాయడానికి ఆ పెన్నుకి చార్జింగ్ అక్కర్లేదు. యాపిల్ పెన్సిల్ విడిగా కొనాలి, చార్జ్ చేస్తూ ఉండాలి. పొద్దున్నే హడావిడిలో పెన్ను చచ్చి ఉందంటే ఆ రోజు ప్లానర్ తెరవం.

యాప్‌ల విషయంలో మాత్రం ఐప్యాడ్‌దే పైచేయి. గుడ్‌నోట్స్ అనే నోట్స్ యాప్‌లో, తేదీ నొక్కితే ఆ పేజీకి వెళ్లే లింకులున్న పీడీఎఫ్ ప్లానర్ వాడటం హాయిగా ఉంటుంది. పెన్ను మోడ్‌లో ఉండి లింక్ నొక్కితే చుక్క పడుతుంది తప్ప పేజీ మారదు. రాయడం ఆపి చదవడానికే ఉండే రీడ్-ఓన్లీ మోడ్‌కి మార్చి నొక్కాలి. శాంసంగ్ లాంటి ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో పెన్లీ అనే యాప్ పనికొస్తుంది.

ఇంట్లో ఇప్పటికే ఐప్యాడ్ ఉంటే శాంసంగ్ కోసం పరుగెత్తకండి, పెన్సిల్ కొనుక్కోండి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కి ఒత్తిడిని బట్టి గీత మందం మార్చే గుణం లేదు. బొమ్మలు గీసేవాళ్లకు అది లోటే గానీ, పనుల లిస్టుకి అక్కర్లేదు. ఒక్కటి చూసుకోండి: లైట్నింగ్ అనే యాపిల్ పాత చార్జింగ్ పోర్టు ఉన్న తొమ్మిదో తరం ఐప్యాడ్‌కి ఈ యూఎస్‌బీ-సీ పెన్సిల్ పనిచెయ్యదు, మొదటి తరం పెన్సిలే కావాలి.

కిండిల్ స్క్రైబ్ లాంటి ఈ-ఇంక్ పలకలు, అంటే కాగితంలా కనిపించే తెరలున్నవి, కంటికి హాయే. కానీ ప్లానర్ కోసమే అంత ఖర్చు నేను పెట్టను. పెన్నుకి సపోర్టు లేని పాత ట్యాబ్ మీద రబ్బరు మొన స్టైలస్‌తో నెట్టుకొద్దామంటే, అరచెయ్యి ఆనిన చోటల్లా గీతలు పడతాయి. దానికన్నా ఆ ఎల్‌ఐసీ డైరీయే నయం.