పీఎంఐ స్టడీ హాల్: పీఎంపీ రాయబోయే బెంగళూరు ఉద్యోగికి ఎంతవరకు పనికొస్తుంది?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాలు చేస్తూ పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే సర్టిఫికెట్ పరీక్ష) రాయాలనుకునే తెలుగువాళ్లు ముందుగా అడిగేది "ఏ కోచింగ్ మంచిది?" అనే. ప్రశ్నలు ఎక్కడ సాధన చేయాలన్నది చివర్లో, పరీక్షకు రెండు వారాల ముందు గుర్తొస్తుంది. ఇది తలకిందులు వ్యవహారం. కోచింగ్ అర్హత కోసం, ప్రశ్నల సాధన పాసవడం కోసం. ఆ పరీక్ష పెట్టే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) తానే అమ్మే ఆన్‌లైన్ సాధన చందా స్టడీ హాల్ ఈ రెండో పనికి ఇప్పుడు దొరికేవాటిలో మొదటి ఎంపిక. లోపాలు లేకపోలేదు, వాటినీ చెప్పుకుందాం.

కొనేముందు ఒక విషయం తేల్చుకోవాలి. స్టడీ హాల్ కొన్నంత మాత్రాన దరఖాస్తుకు కావలసిన 35 గంటల శిక్షణ లెక్కలోకి రాదు. ఆ గంటలకు వేరే కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిందే. బెంగళూరులో వారాంతపు బ్యాచ్‌లు చాలావరకు నాలుగు రోజుల్లో పూర్తిచేస్తామంటాయి. నాలుగు రోజుల్లో 35 గంటలంటే రోజుకు ఎనిమిదిమ్ముప్పావు గంటలు. సాయంత్రం నాలుగింటికే వదిలేసే బ్యాచ్ ఆ లెక్క ఎలా చూపిస్తుందో చేరకముందే అడగండి. పీఎంఐ అధీకృత శిక్షణ భాగస్వామి అయితే పీఎంఐ తయారుచేసిన పాఠ్యసామగ్రి దొరుకుతుంది. "పాస్ గ్యారంటీ" అన్న చోట షరతుల కాగితం మొత్తం చదవండి. అక్కడికి కోచింగ్ సంగతి చాలు.

స్టడీ హాల్‌లో చిన్న పాఠాలు, పదాల ఆటలు, సాధన ప్రశ్నలు, పదిహేను ప్రశ్నల మినీ పరీక్షలు, పూర్తి నిడివి మాక్ పరీక్షలు ఉంటాయి. ఎసెన్షియల్స్, ప్లస్ అని రెండు ప్యాకేజీలు. ప్లస్‌లో పూర్తి మాక్‌లు ఎక్కువ, ముఖ్యమైన తేడా అదే. పాఠాలు పైపైన ఉంటాయి, ఆటలు ఆఫీసు క్యాబ్‌లో కాలక్షేపానికి పనికొస్తాయి. అసలు సరుకు ప్రశ్నల్లో ఉంది.

అసలు పరీక్ష వాక్యాలు ఎలా నడుస్తాయో ఈ ప్రశ్నలూ అలాగే నడుస్తాయి. బయట ఉచితంగా దొరికే ప్రశ్నల్లో చాలావరకు "ఫలానా ప్రక్రియకు ఇన్‌పుట్ ఏది?" తరహావి. పీఎంఐ మార్గదర్శక పుస్తకం పీఎంబాక్ ఆరో ఎడిషన్‌లోని 49 ప్రక్రియలను బట్టీ పట్టినవాళ్లను పరీక్షించేందుకు అవి సరిపోతాయి. కానీ 2021 జనవరి నుంచి పరీక్ష తీరు మారింది. ప్రశ్నల్లో దాదాపు సగం అజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ దిద్దుకుంటూ పోవడం), హైబ్రిడ్ (పాత, కొత్త తీరుల కలయిక) పద్ధతుల నుంచి వస్తున్నాయి. నాలుగైదు వాక్యాల్లో ఒక పరిస్థితి చెప్పి, "ప్రాజెక్ట్ మేనేజర్ ముందుగా ఏం చేయాలి?" అని అడుగుతారు. బట్టీ ఇక్కడ ఆదుకోదు.

ఈ తరహాను చూపించడానికి ఒక ప్రశ్న మేమే తయారుచేశాం. రెండు వారాల స్ప్రింట్‌లో (అజైల్‌లో ఒక పని విడత) జట్టు ఆరో రోజున ఉంది. కస్టమర్ తరఫు సీనియర్ మేనేజర్ ఒకరు నేరుగా డెవలపర్‌కు ఫోన్ చేసి, ఈ స్ప్రింట్‌లోనే కొత్త రిపోర్ట్ ఒకటి కలపమన్నారు. ప్రాజెక్ట్ మేనేజర్ ముందుగా ఏం చేయాలి? ఒకటి, మార్పు అభ్యర్థన రాసి చేంజ్ కంట్రోల్ బోర్డుకు (మార్పులను ఆమోదించే బృందానికి) పంపాలి. రెండు, డెలివరీ హెడ్‌కు చెప్పి ఆయన చేత కస్టమర్‌తో మాట్లాడించాలి. మూడు, ఆ కోరికను ప్రొడక్ట్ ఓనర్ దగ్గరికి తీసుకెళ్లి, బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) దాని విలువను బట్టి స్థానం నిర్ణయించమనాలి. నాలుగు, జట్టుకు ఖాళీ ఉంటే చేసేయమనాలి.

సర్వీసెస్ కంపెనీలో ఎనిమిదేళ్లు చేసినవాళ్ల చేయి రెండో జవాబు మీదికో నాలుగో జవాబు మీదికో పోతుంది. అక్కడ రోజూ జరిగేది అదే. కస్టమర్ అడిగాడంటే కాదనలేం, చిక్కొస్తే పైకి ఎస్కలేట్ చేస్తాం. పాత పీఎంబాక్ చదివినవాళ్లు ఒకటో జవాబు పెడతారు. సరైనది మూడు. అజైల్ జట్టులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ప్రొడక్ట్ ఓనర్ నిర్ణయం. నడుస్తున్న స్ప్రింట్ లక్ష్యాన్ని కాపాడటం, ఆ కోరికను సరైన దారిలో పెట్టడం ప్రాజెక్ట్ మేనేజర్ పని. అదే పరిస్థితిని ప్రిడిక్టివ్, అంటే ప్రణాళిక అంతా ముందే వేసుకునే ప్రాజెక్టులో పెడితే ముందు ప్రభావం విశ్లేషించి, ఆ తర్వాత మార్పు అభ్యర్థన దారి పట్టాలి. ప్రశ్నలో "స్ప్రింట్" అన్న ఒక్క మాట జవాబును మార్చేసింది.

స్టడీ హాల్ అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. మన ఆఫీసు అలవాట్లు ఎక్కడెక్కడ తప్పు జవాబులవుతాయో అది వందల ప్రశ్నల్లో చూపిస్తుంది. అనుభవం ఎక్కువున్నవాళ్లు మొదటి మినీ పరీక్షల్లో తక్కువ మార్కులు తెచ్చుకుని కంగారు పడతారు. పదేళ్లుగా చేస్తున్న పని తెలియదని దానర్థం కాదు, పీఎంఐ ఆలోచించే తీరు ఇంకా అలవాటు కాలేదని. ముందు సమస్యను అర్థం చేసుకోవాలి, జట్టుతో మాట్లాడాలి, ఆ తర్వాతే చర్య, పైకి చెప్పడం చివరి మెట్టు. ఈ వరస వేళ్లకు పట్టేదాకా ప్రశ్నలు చేయాలి.

ఇక లోపాలు. ప్రశ్నలకు తేలిక, మధ్యస్థం, కష్టం, ఎక్స్‌పర్ట్ అని స్థాయిలున్నాయి. ఈ ఎక్స్‌పర్ట్ ప్రశ్నల్లో కొన్నిటికి ఇచ్చిన జవాబు ఎంత తరచి చూసినా ఒప్పేలా ఉండదు. వివరణ కూడా రెండు ముక్కల్లో, ఫలానా పుస్తకం చూడమని ముగుస్తుంది. వాటి దగ్గర గంటలు తగలేసి, సరిగ్గా పెట్టుకున్న ఆలోచనను చెరుపుకోవద్దు. మార్కులు చూసుకునేటప్పుడు ఎక్స్‌పర్ట్ ప్రశ్నలు తీసేసి ఒకసారి, కలిపి ఒకసారి లెక్క వేసుకోండి. పీఎంఐ పాస్ మార్కు ప్రకటించదు. ఒక్కో విభాగానికి అబవ్ టార్గెట్, టార్గెట్, బిలో టార్గెట్, నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ అని మాత్రమే ఫలితం వస్తుంది. అందుకని ఏ శాతమూ హామీ కాదు. అయినా రెండు పూర్తి మాక్‌లలో, మొదటిసారి చూసే ప్రశ్నల మీద, 70 శాతం దగ్గర నిలకడగా వస్తుంటే తేదీ తీసుకోవచ్చని మా అంచనా. చేసిన మాక్‌నే మళ్లీ చేసి 90 తెచ్చుకుంటే అది జ్ఞాపకశక్తికి పడిన మార్కు.

తప్పుల పుస్తకం లేకుండా స్టడీ హాల్ వాడటం దండగ. రెండొందల పేజీల నోట్‌బుక్ తీసుకుని పేజీని మూడు నిలువు గడులు చేయండి. మొదటి గడిలో ప్రశ్న సారం ఒక్క లైనులో. రెండో గడిలో మీరు పెట్టిన జవాబు ఎందుకు పెట్టారో మీ మాటల్లో. మూడో గడిలో మీరు దాటేసిన మాట. ఈ మూడో గడే కీలకం. "ఫస్ట్", "నెక్స్ట్", "బెస్ట్", "ముందే ఏం చేసి ఉంటే ఇది జరిగేది కాదు", ఇలాంటి మాటలే అక్కడ పదేపదే కనిపిస్తాయి. చివరి రకం ప్రశ్నలో జవాబు ఇప్పుడు చేసే పని కాదు, ప్రణాళిక దశలో వదిలేసిన పని. వంద తప్పులు రాసేసరికి మీ తప్పులు నాలుగైదు రకాలేనని తేలిపోతుంది. సరైన జవాబు పెట్టినా ఊహతో పెట్టినవాటిని కూడా ఇందులో ఎక్కించాలి.

లెక్కల భయం ఎక్కువమందికి ఉంటుంది కానీ ఎర్న్‌డ్ వాల్యూలో (జరిగిన పని విలువను ఖర్చుతో పోల్చి చూసే పద్ధతి) సూత్రాలకన్నా అర్థమే ఎక్కువగా అడుగుతారు. బడ్జెట్ 20 లక్షలు, ఇప్పటిదాకా జరిగిన పని విలువ 8 లక్షలు, ఖర్చు 10 లక్షలు అనుకుందాం. పని విలువను ఖర్చుతో భాగిస్తే వచ్చే సీపీఐ 0.8, అంటే పెట్టిన ప్రతి రూపాయికి 80 పైసల పనే జరిగింది. ఇదే తీరులో సాగితే మొత్తం 25 లక్షలవుతుంది. 20 లక్షల్లోనే ముగించాలంటే మిగిలిన 12 లక్షల పనిని మిగిలిన 10 లక్షలతో చేయాలి, అంటే ఇకమీదట ప్రతి రూపాయికి రూపాయీ 20 పైసల పని రావాలి. అదే టీసీపీఐ, 1.2. ఈ ఒక్క ఉదాహరణను చూడకుండా తెల్లకాగితం మీద చెప్పగలిగితే ఆ అధ్యాయం అయిపోయినట్టే.

పూర్తి మాక్‌లను ముక్కలుగా చేయకండి. 2021 విధానంలో 180 ప్రశ్నలకు 230 నిమిషాలు. ప్రశ్నకు 76 సెకన్లు పైచిలుకు. 60వ ప్రశ్న దగ్గర, 120వ ప్రశ్న దగ్గర పదేసి నిమిషాల విరామం ఉంటుంది, అది 230లో కలవదు. విరామం తీసుకున్నాక వెనక్కి వెళ్లి పాత ప్రశ్నలు మార్చడానికి వీలుండదు. కాబట్టి మొదటి 60 ముగిసేసరికి తెరమీద 153 నిమిషాలకు తగ్గకుండా, 120 ముగిసేసరికి 76కు తగ్గకుండా ఉండాలి. చాలామందికి మొదటి భాగంలోనే 90 నిమిషాలు కరిగిపోతాయి. కష్టమైన ప్రశ్నను మూడుసార్లు చదవడం దానికి కారణం. రెండోసారికి తేలకపోతే ఒకటి పెట్టి, గుర్తు పెట్టుకుని, ఆ భాగం ముగిసేలోపు మళ్లీ చూడండి. 180లో ఐదు ప్రశ్నలకు మార్కులు ఉండవు, అవి ఏవో తెలియదు. ఎక్కడా పోలని ప్రశ్న ఎదురైతే అది ఆ ఐదింట్లో ఒకటై ఉండవచ్చు, దానికోసం తర్వాతి ప్రశ్నను పాడుచేసుకోవద్దు.

2026 జులై నుంచి కొత్త విషయసూచికతో పరీక్ష. అంతకుముందు పరీక్షలోని మూడు విభాగాల్లో పీపుల్ 42, ప్రాసెస్ 50, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8 శాతం ఉండగా, కొత్తదాంట్లో అవి 33, 41, 26 అవుతాయి. బిజినెస్ ఎన్విరాన్‌మెంట్‌ను "ఎనిమిది శాతమే కదా" అని వదిలేసే పాత చిట్కా ఇక చెల్లదు. కొనే ప్యాకేజీ ఏ విషయసూచికకు తయారైందో చూసుకోండి. పైన చెప్పిన నిమిషాల లెక్కను కూడా మీ తేదీకి వర్తించే హ్యాండ్‌బుక్‌తో సరిచూసుకోవాలి.

స్టడీ హాల్ ఏమాత్రం సాయం చేయని చోటు దరఖాస్తు. నాలుగేళ్ల డిగ్రీ ఉంటే 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపాలి. ఒకే కాలంలో రెండు ప్రాజెక్టులు నడిపినా ఆ నెలలు ఒక్కసారే లెక్క. డబ్బులకు దరఖాస్తు రాసిపెట్టేవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఒకే వర్ణనను పదిమందికి అతికిస్తే, ఆడిట్ (దరఖాస్తు మీద పీఎంఐ తనిఖీ) పడిన రోజు సంతకం పెట్టాల్సిన పాత మేనేజర్ ఆ ప్రాజెక్టును గుర్తుపట్టకపోవచ్చు. ఆడిట్ యాదృచ్ఛికం, కాగితాలు పంపడానికి 90 రోజులు. రెండేళ్లకోసారి కంపెనీ మారే ఊరిది. పాత మేనేజర్లు ఇప్పుడెక్కడున్నారో, సంతకం పెడతారో లేదో దరఖాస్తుకు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం, పీఎంఐ ఖాతాలో ఆఫీసు మెయిల్‌లో ఉన్నట్టు. పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డులోని పేరు, పీఎంఐ ఖాతాలోని పేరు కలవకపోతే లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజూ పోవచ్చు. పైగా ఆధార్ కార్డు మీద మన సంతకం ఉండదు. పాస్‌పోర్టు అన్నిటికన్నా నయం. ఖాతాలో పేరును పాస్‌పోర్టు చూసి, దరఖాస్తు పంపకముందే అక్షరం అక్షరం సరిచేయండి.

పీజీలో ఉండేవాళ్లు ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాసే ఆలోచన మానుకోవడం మంచిది. గదిలో మరో మనిషి అడుగుపెట్టకూడదు, పెదవులు కదిపి చదివినా హెచ్చరిక వస్తుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని వీపీఎన్, ఫైర్‌వాల్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే అవకాశం ఎక్కువ. కరెంటు పోతే రూటర్ ఆగుతుంది. పరీక్ష జరిపే పియర్సన్ వ్యూ సంస్థ కేంద్రంలో ఈ తలనొప్పులు లేవు, రాసుకోవడానికి తుడిచే పలక కూడా ఇస్తారు. కేంద్రం ఎంచుకునేటప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆధారపడకుండా పర్పుల్ లైన్ మెట్రోకో, ఎలక్ట్రానిక్ సిటీ వైపువాళ్లయితే యెల్లో లైన్‌కో దగ్గరగా ఉన్నది చూసుకోండి. తేదీ మార్చుకోవాల్సి వస్తే 30 రోజుల ముందే మార్చండి. ఆ తర్వాతైతే 70 డాలర్లు, చివరి 48 గంటల్లో అయితే ఫీజు మొత్తం పోతుంది.

ప్యాకేజీ విషయానికొస్తే, రోజుకు గంటన్నర మించి దొరకని ఉద్యోగికి ఎసెన్షియల్స్ చాలు. రెండు మాక్‌లు చేశాక కూడా మార్కులు ఊగిసలాడుతుంటే ప్లస్ ఆలోచించవచ్చు. చందాకు గడువుంటుంది కాబట్టి 35 గంటల కోర్సు ముగిసి, దరఖాస్తు ఆమోదమయ్యాకే కొనండి. ఆమోదం వచ్చాక పరీక్షకు ఏడాది సమయం, అందులో మూడు ప్రయత్నాలు ఉంటాయి. మొదటి మాక్‌ను పరీక్షకు నాలుగు వారాల ముందు, రెండోదాన్ని పది రోజుల ముందు, అసలు పరీక్ష ఏ వేళకు ఉందో ఆ వేళకే కూర్చుని చేయండి. చివరి మూడు రోజుల్లో కొత్త ప్రశ్నలు వద్దు, నోట్‌బుక్‌లోని మూడో గడి చాలు.