పాత గేమ్ బాయ్: ఏళ్లు వాడాక చెబుతున్నా, ఆ లోగో కోసమే దీన్ని ఉంచుకున్నాను

నింటెండో చేసిన, చేతిలో పట్టుకుని ఆడే 1989 నాటి బూడిద రంగు గేమ్ బాయ్ గురించి స్పెసిఫికేషన్లు రాయడం లేదు. ఇది చదవడానికి వచ్చినవాళ్లకు అవన్నీ కంఠతా వచ్చే ఉంటాయి. నేను చెప్పాలనుకున్నది స్విచ్ వేయగానే స్క్రీన్ పైనుంచి నెమ్మదిగా దిగి, మధ్యలో ఆగి, టింగ్‌మనే ఆ నింటెండో లోగో గురించి. ఇన్నేళ్ల వాడకంలో ఈ మెషీన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. పాత కార్ట్రిడ్జ్‌లతో వేగేవాళ్లకు అంతకు మించిన సాయం ఇంకొకటి లేదు.

ఎందుకంటే ఆ బొమ్మ వచ్చేది మెషీన్‌లోంచి కాదు, ఆట ఉండే కార్ట్రిడ్జ్‌లోంచి. ప్రతి కార్ట్రిడ్జ్‌లోనూ మొదట్లోనే 48 బైట్లుగా అది రాసి ఉంటుంది. గేమ్ బాయ్ వాటిని చదివి తెర మీద గీస్తుంది. తర్వాత ఇంకోసారి చదివి, తన దగ్గరున్న నకలుతో పోల్చుకుంటుంది. ఒక్క బైటు తేడా వచ్చినా అక్కడే ఆగిపోతుంది, ఆట మొదలుకాదు. లైసెన్స్ లేని కార్ట్రిడ్జ్‌లను ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. కానీ ముప్పై ఏళ్లు దాటిన కార్ట్రిడ్జ్ చేతికొచ్చినప్పుడు, ఏ పరికరమూ లేకుండా దాని ఆరోగ్యం చెప్పేది కూడా అదే.

లోగోకి బదులు పూర్తిగా నల్లటి పట్టీ దిగిందంటే మెషీన్‌కి కార్ట్రిడ్జ్ అసలు కనబడనే లేదని అర్థం. స్లాట్‌లో ఏమీ పెట్టకపోయినా వచ్చేది అదే పట్టీ. లోగో రూపం తెలుస్తూనే ఉండి, దాని మీద సమాన దూరంలో సన్నటి గీతలు పడితే, కార్ట్రిడ్జ్‌ని మెషీన్‌కి తగిలించే పిన్నుల్లో బైట్లు మోసుకొచ్చే ఎనిమిది డేటా పిన్నుల్లో ఏదో ఒకటి సరిగ్గా తగలడం లేదు. అక్షరాల ముక్కలు చోటు మారితేనో, ఒకే ముక్క రెండుసార్లు కనిపిస్తేనో, ఏ బైటు కావాలో చెప్పే అడ్రస్ పిన్నుని అనుమానించాలి. మొత్తం 32 పిన్నుల్లో పదహారు అడ్రస్‌వే. నిలువు గీత లోగో మీద మాత్రమే కాకుండా పైనుంచి కిందిదాకా స్క్రీన్ అంతటా ఉండి, కార్ట్రిడ్జ్ తీసేసినా పోకపోతే అది స్క్రీన్‌ని బోర్డుకి కలిపే ఎల్‌సీడీ రిబ్బన్ జబ్బు. ఆటకి దానితో సంబంధం లేదు.

మాది విశాఖపట్నం, ఇంట్లోంచి సముద్రం వినిపిస్తుంది. ఉప్పుగాలికి గేటు తాళాలే నిలవవు, ఇక కార్ట్రిడ్జ్ పిన్నులెంత! కొన్నాళ్లు వాడకుండా పక్కన పెడితే చాలు, లోగో గీతలు గీతలుగా దిగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి పిన్నులు పొడవునా తుడిస్తే దూది నల్లగా అవుతుంది. దూది తెల్లగా ఉండేదాకా మార్చి మార్చి తుడవాలి, తడి ఆరాకే పెట్టాలి. చిన్నప్పుడు అందరం చేసినట్టు నోటితో ఊదడం మాత్రం వద్దు, ఊపిరిలోని తేమ పిన్నుల మీదే ఉండిపోతుంది. ఒకసారి ఒక అమ్మకందారు పంపిన కార్ట్రిడ్జ్‌కి పిన్నులు ధగధగా మెరుస్తున్నాయి. దగ్గరగా చూస్తే గరుకు కాగితంతో రుద్దిన గీతలు. పిన్నుల మీద బంగారు పూత ఉండేదే బహు పలచన, అది లేచిపోతే కింది లోహానికి ఈ గాలిలో త్వరగా మచ్చ పడుతుంది. ఆ కార్ట్రిడ్జ్‌ని నేను ఇప్పటికీ పదేపదే తుడుచుకుంటూనే ఉన్నాను. ఆ కోపం నాకింకా పోలేదు.

ఇక అసలు సంగతి పోకెమాన్ రెడ్ అనే ఆటది. న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య తాను ఆడుకున్న కార్ట్రిడ్జ్‌ని పెట్టెలో వేసుకొచ్చి ఇచ్చాడు. లోగో అద్దంలా దిగింది. ఒక్క గీత లేదు. ఆట మొదలైంది, పాట బాగుంది, అక్షరాలు బాగున్నాయి. ఊళ్లోకి అడుగుపెడితే మాత్రం చెట్లూ కంచెలూ ఉండాల్సిన చోట చుక్కలూ గీతలూ కలగలిసిన చెత్త. విచిత్రం ఏంటంటే ఆ చెత్తలోనే మనిషి మామూలుగా నడుస్తున్నాడు, చెట్టు ఉండాల్సిన చోట ఆగిపోతున్నాడు కూడా. ఒక ఇంట్లోకి వెళ్లి బయటికొస్తే ఊరు మళ్లీ శుభ్రంగా కనిపించింది. ఇంకోసారి వెళ్లొస్తే మళ్లీ చెత్త.

అడిగినవాళ్లందరూ పిన్నులు తుడవమనే అన్నారు. తుడిచాను, దూది తెల్లగానే వచ్చింది. అదే మెషీన్‌లో టెట్రిస్ పెడితే ఏ తేడా లేదు. పైగా, ఆడేటప్పుడు కుడిచేతి వేళ్లు వెనక కార్ట్రిడ్జ్ మీద పడతాయి కదా, అక్కడ కాస్త గట్టిగా నొక్కి పట్టుకుని ఇంట్లోంచి బయటికొస్తే బొమ్మలు బాగుంటున్నాయి. అంటే ఏదో వదులైంది, అదీ కార్ట్రిడ్జ్ లోపలే.

గేమ్ బాయ్‌కి కార్ట్రిడ్జ్‌లో ఒక్కసారికి కనిపించేది 32 కిలోబైట్లే. టెట్రిస్ అంతలోనే ఇమిడిపోతుంది. పోకెమాన్ రెడ్ అయితే ఒక మెగాబైట్, అంటే 16 కిలోబైట్ల ముక్కలు 64. ఏ ముక్క ఎప్పుడు ముందుకు రావాలో చూసేది కార్ట్రిడ్జ్‌లోనే ఉండే ఎంబీసీ అనే చిన్న చిప్. దాన్నుంచి, ఆట రాసి ఉండే రోమ్ చిప్‌కి వెళ్లే పై అడ్రస్ లైన్లు బోర్డు మీదే ఉంటాయి, బయటి 32 పిన్నుల దాకా రావు. అందుకే ఎంత తుడిచినా ఫలితం లేదు. ఆ లైన్ ఒకటి తెగుతూ కలుస్తూ ఉంటే మెషీన్ ఒక ముక్క అడిగితే వేరే ముక్క వస్తుంది. ఊరి బొమ్మలన్నీ ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లు, గడికి 16 బైట్లు. ఊళ్లోకి రాగానే అవి మెషీన్‌లోని వీడియో మెమరీలోకి ఒక్కసారి కాపీ అవుతాయి, ఇక మళ్లీ చోటు మారేదాకా అక్కడే ఉంటాయి. కాపీ జరిగే ఆ క్షణంలో లైన్ తెగి ఉంటే, తర్వాత కలిసినా చెత్త చెత్తగానే ఉండిపోతుంది.

3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేకమైన స్క్రూడ్రైవర్ మొనతో స్క్రూ తీసి, టేబుల్ లైటు కింద భూతద్దంతో చూశాను. రోమ్ చిప్ కాళ్లలో ఒకదాని చుట్టూ వెంట్రుకవాసి బూడిద రంగు గీత. సూదిమొనతో తాకితే ఆ కాలు మిగతావాటిలా బిగుసుకుని లేదు, కొద్దిగా కదిలింది. మల్టీమీటర్ ఒక కొన ఆ కాలికీ, ఇంకో కొన ఎంబీసీ మీద దాని జోడీకీ పెట్టి కదిపితే బీప్ ఆగి ఆగి వస్తోంది. లెడ్ బాగా అంటుకోవడానికి కాస్త ఫ్లక్స్ రాసి, సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్క చుక్క లెడ్ వేశాను. బీప్ ఇక ఆగలేదు. అప్పటినుంచి ఊరు ఊరులాగే ఉంది. సేవ్‌ని నిలబెట్టే బ్యాటరీ జోలికి పోలేదు కాబట్టి అన్నయ్య ఆడి దాచుకున్న ఆట కూడా భద్రంగా ఉంది. ఇరవై ఏళ్ల నాడు వాడు పెంచిన చారిజార్డ్ అనే పోకెమాన్ అందులో కనిపిస్తే నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

కాబట్టి లోగో గురించి పైన అన్న మాటకి ఒక హద్దు ఉంది. ఆ 48 బైట్లు మొదటి ముక్కలో ఉంటాయి, లోగో చెప్పగలిగేది ఆ ముక్క దాకానే. చిన్న ఆటలకి అదే సరిపోతుంది, పెద్ద ఆటలకి చాలదు. ఇంకో సంగతి, పోకెమాన్ రెడ్‌లో మిస్సింగ్‌నో అనే వింత పోకెమాన్ ఎదురయ్యాక, గెలిచిన జట్టును చూపించే హాల్ ఆఫ్ ఫేమ్ బొమ్మలు చెదిరిపోతే ఐరన్ వేడి చేయకండి. అది ఆటలోనే ఉన్న లోపం, బోర్డుది కాదు.

కొనమంటానా అంటే, ఇంట్లో ఐరన్, మల్టీమీటర్ ఉండి, సాయంత్రాలు ఇలా కూర్చోవడం ఇష్టమైతే తప్పకుండా. నాకు అవన్నీ ఉన్నాయి, మా ఆవిడకి ఫ్లక్స్ పొగ పడదు కాబట్టి బాల్కనీలో టేబుల్ కూడా ఉంది. పిల్లాడికి ఆడుకోవడానికి ఏదో ఒకటి కావాలంతే అనుకుంటే, వెనక లైటు కూడా లేని ఈ స్క్రీన్ వాడికి నచ్చకపోవచ్చు. సముద్రం పక్కన కాకుండా హైదరాబాద్‌లోనో అనంతపురంలోనో ఉంటే మీకు నా అంత తుడిచే పని ఉండకపోవచ్చు. వాడిన కార్ట్రిడ్జ్ కొనేటప్పుడు మాత్రం లోగో ఫొటోతో సరిపెట్టుకోకండి. ఇళ్లలోకి వెళ్లి బయటికి రావడం, ఊరు మారడం కనిపించేలా కాసేపు ఆడిన వీడియో పంపమని అడగండి.