లూయివిల్ విలీనం: పద్దెనిమిదేళ్లు అందులో బతికాక నా సమీక్ష

నేను ఉండేది అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో. మా బావమరిది మిజోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో ఉంటాడు. అక్కడ సిటీ, కౌంటీ (మన జిల్లా లాంటిది) కలవాలా వద్దా అన్న చర్చ లేచినప్పుడల్లా నాకు ఫోన్ చేసి, "బావా, మీది కలిసిపోయిన ఊరే కదా, ఎలా ఉంది?" అని అడుగుతాడు. 2010లో అడిగితే "ఆలోచించకుండా కలిపేయమను" అన్నాను. ఈమధ్య మళ్లీ అడిగాడు. ఈసారి అంత తేలిగ్గా నోరు రాలేదు. అప్పుడు ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

లూయివిల్ నగరం, జెఫర్సన్ కౌంటీ 2003 జనవరి 6న ఒకే ప్రభుత్వం కిందకి వచ్చాయి. 1960లో 3,90,639 మంది ఉన్న నగరంలో 2000 నాటికి 2,56,231 మందే మిగిలారు. అదే జనాభా లెక్కల్లో లెక్సింగ్టన్ 2,60,512తో దాటిపోయింది. కెంటకీలో అన్నిటికన్నా పెద్ద ఊరు మాదే అని చెప్పుకునే వాళ్లకు అది గట్టిగానే తగిలింది. 1982లో, 1983లో ఓడిపోయిన విలీనం 2000 నవంబరు ఓటింగులో నెగ్గింది.

నేను ఇక్కడికి వచ్చింది 2007లో. మా అల్వాల్ మున్సిపాలిటీని జీహెచ్‌ఎంసీలో కలిపింది కూడా ఆ ఏడాదే. అందుకేనేమో, ఇక్కడి విలీనం మీద నాకు మొదటి నుంచీ ఆసక్తి. మొదటి మూడేళ్లు పాత నగరంలో, జర్మన్‌టౌన్‌లో అద్దెకున్నాం. ఒక మేయరు, 26 మంది సభ్యుల ఒక కౌన్సిల్, ఒక పోలీసు శాఖ, ఏ పనికైనా 311 అనే ఒక నంబరు. ఇంటి ముందు గుంత పడినా, వీధి దీపం వెలగకపోయినా ఆ ఒక్క నంబరే. చెత్త గురించైతే ఆలోచించాల్సిన పనే పడలేదు. వారానికోసారి డబ్బా బయట పెడితే ఖాళీ అయ్యేది. బావమరిదికి నేను చెప్పిన మాట ఆ మూడేళ్ల అనుభవంతో చెప్పింది.

2010 చివర్లో పాత నగరం దాటాక ఉండే శివారు ఫెర్న్ క్రీక్‌లో ఇల్లు కొన్నాం. అడ్రసులో లూయివిల్ అనే ఉంటుంది, మేయర్ ఎన్నికలో ఓటు ఉంటుంది. జీతంలో 2.2 శాతం ఆక్యుపేషనల్ ట్యాక్స్ జర్మన్‌టౌన్‌లో కట్టినట్టే ఇక్కడా కడతాం. ఇల్లు అప్పగించిన రోజు ఏజెంటును "చెత్త ఏ రోజు తీస్తారు?" అని అడిగాను. "మీరు ఏ కంపెనీని పెట్టుకుంటే వాళ్లు చెప్పిన రోజు" అంది. నాకు అర్థం కాలేదు.

విషయం ఏమిటంటే, విలీనంలో పాత నగరం సరిహద్దును చెరపలేదు. దానికి అర్బన్ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టి అలాగే ఉంచారు. ఆ గీత లోపల ఉన్నవాళ్లు ఇంటి పన్ను కొంత ఎక్కువ కడతారు, వాళ్లకి చెత్త బండి, వీధి దీపాలు, నగరం ఫైర్ సర్వీసు వస్తాయి. బయట ఉన్నవాళ్లకి ఫైర్ డిస్ట్రిక్ట్ వేరు, దానికి పన్ను వేరు. చెత్త ఎవరి ఏర్పాటు వాళ్లదే. వీటికి తోడు కౌంటీలో 80కి పైగా చిన్న ఊళ్లు ఉన్నాయి. జెఫర్సన్‌టౌన్, సెయింట్ మాథ్యూస్, షైవ్లీ లాంటివి. అవి కలవనే లేదు. వాటి మేయర్లు, వాటి పన్నులు వాటికే ఉన్నాయి. పైగా అక్కడివాళ్లు పెద్ద మేయర్‌కీ ఓటేస్తారు.

తెలిశాక కూడా నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒక కంపెనీని పెట్టుకున్నాను, మూడు నెలలకోసారి బిల్లు కట్టేవాణ్ణి. అసలు సంగతి 2016 జూలైలో బయటపడింది.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. ఆ బుధవారం బండి రాలేదు. సరే, ఎండలు ముదిరాయి, మనుషులు తక్కువున్నారేమో అనుకున్నాం. తర్వాతి బుధవారమూ రాలేదు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతే తప్ప మనిషి పలకడు. మూడో వారానికి డబ్బా మూత పడటం లేదు. పుచ్చకాయ తొక్కలు, చేపలు కడిగిన కవర్లు, పిల్లాడి డైపర్లు అన్నీ అందులోనే. మూత ఎత్తితే అంచు పొడవునా తెల్ల పురుగులు. రాత్రి రకూన్లు అనే జంతువులు డబ్బా పడేసి సంచులు చింపి డ్రైవ్‌వే అంతా ఈడ్చాయి. పొద్దున్నే లేచి నేనూ మా ఆవిడా గ్లవ్స్ వేసుకుని ఏరాం. పక్కన పైపు పట్టుకుని నిలబడ్డ అమ్మ, "మా అల్వాల్‌ల పొద్దుగాల్నే ఆటో వస్తది. తడి చెత్త, పొడి చెత్త వేరేగ ఇస్తం. గింత పెద్ద పట్నంల చెత్త బండి రాదారా?" అంది. నాకు జవాబు దొరకలేదు.

ఆ రోజే 311కి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి ఓపిగ్గా విని, అడ్రసు చూసి, "సర్, మీ ఇల్లు అర్బన్ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ బయట ఉంది. చెత్త విషయం మీరు మీ కంపెనీతోనే మాట్లాడుకోవాలి" అని చెప్పింది. ఆమె తప్పేం లేదు, ఉన్న నియమం చెప్పింది. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు మనసు పాడైపోయింది. ఓటుకి, పన్నుకి నేను నగరం మనిషిని. చెత్త దగ్గరికి వచ్చేసరికి బయటివాణ్ణి.

తర్వాత తెలిసిందేమిటంటే, మా కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. మా వీధి పేరు కొత్తవాళ్ల జాబితాలోకి ఎక్కలేదు. మూడు వారాలకు కట్టిన డబ్బు వెనక్కి రావడానికి అక్టోబరు దాకా పట్టింది.

ఎదురింట్లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉండేవాడు. మా అవస్థ చూసి తన పికప్‌లో సంచులు వేసుకుని డంపుకి తీసుకెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను. దారిలో ఆయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "2000లో ఓటుకి ముందు మాకు ఏం చెప్పారో తెలుసా? మీ పన్నులు పెరగవు, మీ సేవలు మారవు అన్నారు. ఆ మాట మీద నిలబడ్డారయ్యా. ఏమీ మారలేదు." ఆయన అప్పట్లో వద్దని ఓటేశాడట. తనకి చెత్త కంపెనీయే నయమని, సిటీ పన్ను ఇంకా కట్టమంటే కష్టమని కూడా ఆయనే అన్నాడు. అంటే మా వీధిలో అందరి బాధా నా బాధ కాదు. అది ఒప్పుకోవాలి.

ఆ వేసవి తర్వాతే నేను ఒకటి గమనించాను. మా వీధిలో ఉన్నవి 23 ఇళ్లు. వాటికి నాలుగు కంపెనీల బండ్లు నాలుగు వేర్వేరు రోజుల్లో వచ్చేవి. పొద్దున ఆరింటికి బ్రేకుల కీచు, హైడ్రాలిక్ మోత, మళ్లీ మర్నాడు అదే. మూలమలుపు దగ్గర తారు ఏటా కుంగిపోతుంది. రోడ్డు అందరిదీ, బండ్లేమో ఎవరివి వాళ్లవి. చివరికి పెద్దాయనా నేనూ ఇంటింటికీ తిరిగి 17 ఇళ్లను ఒకే కంపెనీకి ఒప్పించాం. నెలకి ఆరు డాలర్లు తగ్గింది, బండి గురువారమే వస్తుంది. 23 ఇళ్ల వీధి చేసుకోగలిగిన పనిని అంత పెద్ద విలీనం చేయలేదన్నది నా అసలు ఫిర్యాదు.

మరి మంచే లేదా అంటే, ఉంది. 2017లో సౌత్ సెంట్రల్ రీజినల్ లైబ్రరీ తెరిచినప్పుడు మా పిల్లలు అక్కడే పెరిగారన్నట్టు అయింది. ఎత్తైన అద్దాలు, బయట చెట్లు, ఆదివారం కూడా కూర్చోవడానికి చోటు. మధ్యలో ఉన్న డౌన్‌టౌన్‌కి కాకుండా శివారుకి అలాంటి భవనం వచ్చిందంటే, శివారు సభ్యులూ కూర్చునే ఒకే కౌన్సిల్ ఉండటం కొంత కారణమని నా నమ్మకం. కొంతే అంటున్నాను, ఎందుకంటే లైబ్రరీలు విలీనానికి ముందు కూడా కౌంటీ అంతటివీ. బడులు 1975లోనే కలిశాయి. నేను విలీనానికి ఇచ్చిన మార్కుల్లో కొన్ని దానివి కావని తర్వాత తెలిసింది.

ఒకే పోలీసు శాఖ గురించి కూడా మొదట్లో గొప్పగా చెప్పాను. 2020లో బ్రియోనా టేలర్ అనే నల్లజాతి యువతి తన ఇంట్లోనే ఆ పోలీసుల కాల్పుల్లో చనిపోయాక, 2023లో ఆ శాఖ తప్పుల మీద అమెరికా న్యాయ శాఖ నివేదిక వచ్చాక ఆ మాట అంత ధీమాగా అనలేను. డౌన్‌టౌన్ అంచున ఉన్న తొమ్మిదో వీధికి పడమరగా ఉండే నల్లజాతి కుటుంబాల్లో చాలామంది 2000లోనే భయపడ్డారు. పాత నగరంలో మూడో వంతు ఉన్న తమ ఓటు, కౌంటీ కలిస్తే ఐదో వంతు కన్నా తగ్గుతుందని. లెక్క చూస్తే అది నిజమే. ఆ వీధులు ఊరు పేరు పెరిగినంత మాత్రాన నిండలేదు, పలకలు కొట్టి మూసిన ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. విలీనమైన కొత్తలో దేశంలో పదహారో పెద్ద నగరం అయ్యామని చెప్పుకున్నారు. జనాభా లెక్కల వాళ్లేమో ఆ చిన్న ఊళ్లను తీసేసి లెక్కగడతారు. 2020లో అలా వచ్చింది 6,33,045. 2003 జనవరి 5 రాత్రి పడుకున్నవాళ్లే 6న పొద్దున లేచారు, కొత్తగా ఎవరూ వచ్చి చేరలేదు.

అయినా వద్దనను. నాకు సొంతిల్లు ఉంది, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, చెత్తకి డబ్బు కట్టుకోగలను. ఒక మేయర్‌ని అడిగితే సరిపోవడం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. తొమ్మిదో వీధికి పడమరనున్న రసెల్ పేటలోనో పోర్ట్‌లాండ్ పేటలోనో ఉండేవాళ్లని అడిగితే వేరే మాట చెబుతారు, వాళ్ల మాటే ముందు వినాలి. సెయింట్ లూయిస్ సంగతి ఇంకా వేరు. 1876లో సిటీ, కౌంటీ విడిపోయాయి. 1950లో 8,56,796 మంది ఉన్న సిటీలో 2020లో 3,01,578 మందే ఉన్నారు. కౌంటీలో 80కి పైగా ఊళ్లు, వాటిలో కొన్ని ట్రాఫిక్ జరిమానాల డబ్బు మీదే గడుపుకొచ్చినవి. 2019లో కలుపుదామన్న పథకాన్ని ఓటు దాకా పోకుండానే వెనక్కి తీసుకున్నారు. అక్కడైతే ముందు ఆ చిన్న ఊళ్లు ఒకదాంట్లో ఒకటి కలిస్తేనే మేలేమో అనిపిస్తుంది, కానీ నేను అక్కడ ఒక్క రోజు కూడా ఉండలేదు.

బావమరిదికి మాత్రం ఇలా చెప్పాను: "మళ్లీ ఏదైనా పథకం వస్తే మేయర్ ఎవరు, జనాభాలో ఎన్నో ర్యాంకు అన్న పేజీలు తర్వాత చదువు. చెత్త, ఫైర్, వీధి దీపాల పేజీ ముందు తియ్యి. గీత ఎక్కడుందో, మీ ఇల్లు ఏ పక్కన పడిందో చూసుకుని అప్పుడు ఫోన్ చెయ్యి."