వాట్సాప్ గ్రూపా, బ్రాడ్‌కాస్ట్ లిస్టా?

చిన్న స్వచ్ఛంద సంస్థ ఊళ్లో కంటి శిబిరం పెట్టినా, కుట్టు శిక్షణ మొదలుపెట్టినా ముందుగా కబురు వెళ్లేది వాట్సాప్‌లోనే. చాలామంది వెంటనే గ్రూపు తెరిచేస్తారు.

గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు. వాలంటీర్లకైతే ఇంతకంటే సులువైంది లేదు. "మైక్ సెట్ ఎవరు తెస్తున్నారు?" అని అడిగితే నిమిషాల్లో తేలిపోతుంది, ఆ జవాబు అందరికీ తెలుస్తుంది. సాయం కోసం వచ్చేవాళ్ల సంగతి వేరు. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరి ఫోన్ నంబరూ మిగతావాళ్లకు కనిపిస్తుంది. గృహహింస బాధితులను, హెచ్ఐవీకి మందులు వాడుతున్నవాళ్లను అలా ఒకచోట చేర్చడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చితే గుడ్ మార్నింగ్ బొమ్మలు ఆగుతాయి గానీ నంబర్లు దాగవు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు అంటే ఒకే మెసేజ్‌ను ఒకేసారి చాలామందికి పంపేందుకు మీ ఫోన్‌లో పెట్టుకునే జాబితా. ఒక్కో లిస్టులో 256 మందే. కానీ మెసేజ్ ఎవరికి వాళ్లకు విడిగా వెళ్తుంది, జవాబు మీకే వస్తుంది. "అమ్మకు షుగర్ ఉంది, ఆపరేషన్ చేస్తారా?" లాంటి ప్రశ్న అలాగైతేనే మొహమాటం లేకుండా అడుగుతారు. చిక్కల్లా ఒకటే: మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది. కాబట్టి పేర్లు రాసుకునే బల్ల దగ్గరే, వాళ్ల అనుమతి అడిగి, నంబరు సేవ్ చేయించాలి. ఇంటికంతా ఒకటే ఫోన్ అయితే అది ఎవరి చేతిలో ఉంటుందో కూడా అప్పుడే కనుక్కోవాలి.

వాలంటీర్లకు గ్రూపు, సాయం పొందేవాళ్లకు లిస్టు: నా ఓటు దీనికే.