పక్కకి లాగే కారు: అలైన్‌మెంటా, బుష్షా?
కారు పక్కకి లాగుతోందనగానే చాలా షెడ్లలో నేరుగా అలైన్‌మెంట్‌కి, అంటే చక్రాల దిశ, వాలు సరిచేయడానికి, ఎక్కించేస్తారు. కాస్త ఆగండి.

అలైన్‌మెంట్ తప్పినా, ఒక టైర్లో గాలి తగ్గినా బండి ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంది; యాక్సిలరేటర్ వదిలేసినా అటే. ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చండి; లాగుడు కూడా పక్క మారితే దోషం టైరుదే.

లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చెయ్యి; అది చట్రానికి బిగిసే చోట ఉండే రబ్బరు ముక్కే బుష్. దాని కథ వేరు. యాక్సిలరేటర్ తొక్కితే ఒక పక్కకి, కాలు తీస్తే రెండో పక్కకి స్టీరింగ్ జారుతుంది. చీలిన రబ్బరు చక్రాన్ని పట్టి ఉంచలేదు. ముందు చక్రాలకి ఇంజన్ బలం వెళ్లే కార్లలో మరీ తెలుస్తుంది. జాకీ మీద లేపి, స్టాండ్ పెట్టి, లివర్‌తో ఆర్మ్ కదిపితే చీలిక నోరు తెరుస్తుంది. నన్నడిగితే తొక్కినప్పుడే లాగే బండికి ముందు బుష్షే చూడాలి. బుష్ మార్చకుండా చేయించిన అలైన్‌మెంట్ డబ్బు దండగ. మార్చాక ఎలాగూ మళ్లీ చేయించాలి.