గుంతలో పడ్డ కారుకు సొంత తనిఖీ: ఐదేళ్లు వాడిన సామాను మీద సమీక్ష

రెండు టన్నుల ట్రాలీ జాకీ, ఒక జత స్టాండ్లు, రెండడుగుల ప్రై బార్ (సందులో దూర్చి నొక్కే ఇనుప కడ్డీ), అయస్కాంతం బేస్‌తో డయల్ గేజ్ (సన్నటి వంపులు ముల్లుతో చూపేది), డిజిటల్ యాంగిల్ గేజ్, ఆరు క్లిప్పుల చాసిస్ ఇయర్ (భాగాలకు మైకు క్లిప్పులు పెట్టి హెడ్‌ఫోన్‌లో శబ్దం వినేది). గుంత దెబ్బ తిన్న కార్లను చూడటానికి ఐదేళ్లుగా వాడుతున్న సామాను ఇదే. ఇందులో కొన్ని డబ్బుకు తగిన పని చేశాయి, ఒకటి మాత్రం చేసిన హడావిడికి తగ్గ ఫలితం ఇవ్వలేదు.

జాకీ తియ్యకముందే టార్చి పట్టుకుని టైరు సైడ్‌వాల్ చుట్టూ చూడాలి, లోపలి వైపు కూడా. ఎక్కడైనా బుడిపె లేచిందంటే లోపలి దారాలు తెగినట్టే. దానికి రిపేరు లేదు, టైరు మార్చాల్సిందే. తర్వాత టేపుతో చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు కొలిచి ఎడమ, కుడి పోల్చాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా లెక్కలోకి వచ్చి తప్పు చెబుతుంది. 10 మి.మీ. పైన తేడా కనబడితే స్ప్రింగ్ కింది చుట్టు చూడండి. అది విరిగేది ఎక్కువగా కింది సీటు కప్పులోనే, ముక్క అక్కడే కూర్చుంటుంది కాబట్టి పైనుంచి చూస్తే స్ప్రింగ్ నిండుగానే కనిపిస్తుంది.

ఇక జాకీ. బండిని లేపడానికి అని కొంటాం గానీ, ఏ జాయింట్ మీద బరువు ఉండాలో, దేనిమీద ఉండకూడదో తేల్చేది అదే. మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ ఒకే కాలిగా ఉండే రకం) బండిలో కింది బాల్ జాయింట్ (చక్రం వైపు భాగాన్ని కింది ఆర్మ్‌కు కలిపే గుండు కీలు) స్ప్రింగ్ భారం మొయ్యదు. చాసిస్ దగ్గర జాకీ వేసి చక్రాన్ని వేలాడదీస్తే ప్లే (జాయింట్ వదులు) ఉన్నది ఉన్నట్టు తెలుస్తుంది. డబుల్ విష్‌బోన్‌లో (పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉండే రకం) స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చుంటే కథ తిరగబడుతుంది: చాసిస్ దగ్గర లేపితే స్ప్రింగ్ ఆర్మ్‌ను కిందికి తోసి జాయింట్‌ను బిగబట్టి ఉంచుతుంది, అరిగిపోయినది కూడా కొత్తదానిలా అనిపిస్తుంది. అక్కడ జాకీని కింది ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టాలి. "చూశాం, ఏమీ లేదు" అని తిరిగొచ్చే బండ్లలో సగం గొడవ ఇక్కడే అని నా అభిప్రాయం. స్టెబిలైజర్ బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) సస్పెన్షన్‌కు కలిపే లింక్ రాడ్‌కైతే ఒక్క చక్రం లేపడమే తప్పు. స్టెబిలైజర్ బార్ మెలిపడి లింక్‌ను బిగదీస్తుంది. రెండు చక్రాలూ నేల మీదే ఉంచి, లేదా రెండూ సమంగా లేపి, లింక్‌ను చేత్తో పట్టి ఊపాలి.

ట్రాలీ జాకీ ఎంత మంచిదైనా సీలు అరిగే కొద్దీ మెల్లగా దిగిపోతుంది. మూడో ఏడాది నుంచి నాది పావుగంటకే కిందికి జారడం మొదలైంది. స్టాండ్లు వెయ్యకుండా బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

చక్రం గాల్లోకి లేచాక పైన, కింద పట్టి ఊపితే బాల్ జాయింట్ గానీ హబ్ బేరింగ్ గానీ చెబుతుంది. రెండు పక్కలా పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు), స్టీరింగ్ ర్యాక్ లోపలి జాయింట్, లేదా మళ్లీ బేరింగే. రెండింటినీ విడదీయడానికి ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ప్లే పోతే బేరింగ్‌ది, తొక్కినా అలాగే ఉంటే జాయింట్‌ది. బ్రేకు ప్యాడ్లు డిస్కును పట్టేస్తే హబ్, నకిల్ (హబ్‌ను మోసే దిమ్మ) ఒక్క ముక్కలా కదులుతాయి. అందుకే ఈ తేడా.

ప్రై బార్ విషయంలో పొడవు మీద బేరం ఆడొద్దు. అడుగు బార్‌తో ఆర్మ్ బుష్ (ఆర్మ్‌ను ఫ్రేముకు కలిపే రబ్బరు కీలు) కదలదు, కదలకపోతే బాగుందనుకుంటాం. గుంత అంచు చక్రాన్ని వెనక్కి తోస్తుంది కాబట్టి ఆ దెబ్బ ఎక్కువగా లోయర్ ఆర్మ్ వెనక బుష్ మీదే పడుతుంది. బార్ మొనను ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ (ఆర్మ్‌లు బిగించి ఉండే కింది ఫ్రేము) మధ్య దూర్చి నెమ్మదిగా నొక్కితే మంచి బుష్ కాస్త లొంగి, వదలగానే రబ్బరులా తిరిగొస్తుంది. చెడినది టక్‌మని ఇనుముకు ఇనుము తగిలిస్తుంది, లేదా రబ్బరు లోపలి గొట్టం నుంచి విడిపోయి చంద్రవంకలా ఖాళీ కనిపిస్తుంది. లోపల ద్రవం ఉండే రకమైతే ఆర్మ్ మీద నల్లటి జిడ్డు మరక ఉంటుంది. అల్యూమినియం ఆర్మ్ అయితే మొనకు పాత ట్యూబ్ ముక్క చుట్టండి, బాల్ జాయింట్ బూటు మీద మాత్రం అస్సలు ఆనించొద్దు. బూటు చిరిగితే నీరూ మట్టీ చేరి మంచి జాయింట్ కూడా పాడవుతుంది.

డయల్ గేజ్ నాకు బాగా నచ్చింది. అల్లాయ్ రిమ్ వంగేది తరచూ లోపలి అంచున. బయటినుంచి చూస్తే గీత కూడా ఉండదు, 80 కి.మీ. దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ చేయిస్తే బరువులు అతికిస్తారు, వంపు అలాగే ఉంటుంది. టైరు కూర్చునే అంచు మీద గేజ్ మొన ఆనించి చక్రాన్ని నిదానంగా ఒక చుట్టు తిప్పాలి. పక్కకు ఒకసారి, ఎత్తుపల్లాలకు ఒకసారి. కంపెనీ పరిమితి చాలా బండ్లకు ఒక మి.మీ. అటూఇటూ ఉంటుంది, మీ బండి మాన్యువల్ అంకెనే పట్టుకోండి. ఒక చిక్కుంది: అల్యూమినియం నకిల్‌కు అయస్కాంతం అంటుకోదు. నేను స్టాండు ఇనుప కాలికి అతికిస్తాను. గేజ్ కడ్డీకి నూనె పెట్టొద్దు, బ్రేకు పొడి పట్టి జిగురైపోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

యాంగిల్ గేజ్ క్యాంబర్‌ను (ముందు నుంచి చూస్తే చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో ఆ కోణం) 0.1 డిగ్రీ దాకా చూపుతుంది. కానీ వంగిన రిమ్ మీద పెడితే అది చూపేది రిమ్ వంపు. ఒకసారి కొలిచి, బండిని అర చుట్టు దొర్లించి మళ్లీ కొలిచి సగటు తీసుకోవాలి. నేల వాలుగా ఉంటే బండి మొహం తిప్పి మళ్లీ అదే పని. విసుగే, తప్పదు. ఎడమ కుడి తేడా అర డిగ్రీ దాటితే అనుమానించొచ్చు. ఏది వంగిందో తెలియాలంటే అలైన్‌మెంట్ షీటులో స్టీరింగ్ యాక్సిస్ ఇంక్లినేషన్ (చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు లోపలికి వాలిన కోణం) కూడా అడగండి. అది రెండు పక్కలా సమానంగా ఉండి క్యాంబర్ ఒక్కటే మారితే స్ట్రట్ గానీ నకిల్ గానీ వంగింది. రెండూ మారి, వాటి కూడిక మాత్రం మారకపోతే లోయర్ ఆర్మ్ వంగింది, లేదా సబ్‌ఫ్రేమ్ జరిగింది. ఈ లెక్క చూడకుండా టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా) సరిచేసి స్టీరింగ్ మధ్యకు తెచ్చి పంపించే అలైన్‌మెంట్‌తో వంగిన భాగం బండిలోనే ఉండిపోతుంది. ఖర్చులేని ఆధారం ఇంకొకటి: రెండు టై రాడ్‌ల లాక్ నట్ బయట కనిపించే మరలు లెక్కపెట్టండి. ఒకవైపు ఆరు, రెండోవైపు పన్నెండు ఉంటే ఎవరో వంపును మరలతో కప్పారనే అనుమానం.

చాసిస్ ఇయరే నిరాశపరిచింది. ఆర్మ్‌కూ నకిల్‌కూ క్లిప్పులు పెట్టి, వైర్లు డ్రైవ్ షాఫ్ట్‌కు చుట్టుకోకుండా కట్టి, ఇద్దరు ఎక్కి తిరగాలి. ఏడాదికే క్లిప్పుల పళ్లు వదులయ్యాయి. పైగా లోహంలో శబ్దం పాకుతుంది, గట్టిగా వినిపించిన చోటే దోషి ఉందనుకుంటే మోసపోతాం. గుంత దెబ్బకు బేరింగ్ ట్రాకులో సొట్ట పడితే రొద కొన్ని వారాల తర్వాత మొదలవుతుంది. దానికి చెయ్యి చాలు: చక్రం లేపి, కాయిల్ స్ప్రింగ్ మీద వేళ్లు ఆనించి, రెండో చేత్తో చక్రం తిప్పితే గరగర వేళ్లకు తెలుస్తుంది. నడిపేటప్పుడు స్టీరింగ్ కుడికి మళ్లించినప్పుడు రొద పెరిగితే ఎడమ బేరింగ్ మీద కన్నేయాలి.

బానెట్ మీద నొక్కి ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పద్ధతితో పూర్తిగా చచ్చిన షాక్ అబ్జార్బర్ మాత్రమే దొరుకుతుంది. రాడ్ సీలు దగ్గర పల్చటి చెమ్మ చూసి కంగారు పడనక్కర్లేదు, నూనె కారి స్ప్రింగ్ కింది సీటు దాకా చారలు దిగితే మార్చాలి.

మార్చాక బిగించే విషయంలో ఒకటే గట్టిగా చెబుతాను. చక్రం వేలాడుతుండగా రబ్బరు బుష్ బోల్టు పూర్తిగా బిగించొద్దు. బండి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్ని నెలలకే చిరుగుతుంది. చేతి బిగువుతో వదిలి, బండి బరువు చక్రాల మీదకు వచ్చాక టార్క్ రెంచ్ వెయ్యాలి. లిఫ్టు లేకపోతే ఆర్మ్ కింద జాకీ పెట్టి, ముందు కొలిచిన ఫెండర్ ఎత్తు వచ్చేదాకా లేపి బిగించినా అంతే.