కాసాలే మోన్‌ఫెర్రాతో పరిసరాల్లో పాత కషీనా కొనబోయే తెలుగువారికి హెచ్చరిక

ఇటలీలో ఉద్యోగాలు చేసుకుంటూ, ఊరి బయట చవకగా దొరికే పాత రైతు ఇంటిని కొని బాగు చేసుకుందామని ఆలోచిస్తున్న తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. 2021 జూన్‌లో మేము పియెమోంతే ప్రాంతంలో, కాసాలే మోన్‌ఫెర్రాతోకు కొద్ది దూరంలో గుట్టమీద ఉన్న ఒక కషీనాను 92,000 యూరోలకు కొన్నాము. అందులో సగానికి పైగా తొరీనోలో తొమ్మిదేళ్ళు కూడబెట్టిన సొమ్ము. మిగిలినది మా అమ్మ తెనాలి దగ్గర తన పేరున ఉన్న ముప్పై సెంట్ల మాగాణి అమ్మి పంపినది. అమ్మిన కుటుంబం పేరు, ఏజెన్సీ పేరు, మా ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఊళ్ళోనే ఉంటున్నాము, ఇకముందూ ఉంటాము.

పియెమోంతేలో కషీనా అంటే ఒకే పొడవాటి కప్పు కింద రైతు కుటుంబం ఉండే ఇల్లు, పక్కనే పశువుల కొట్టం, కొట్టం మీద గడ్డి దాచే ఫియెనీలె అన్నీ కలిసి ఉండే కట్టడం. గడ్డికి గాలి ఆడడానికి ఫియెనీలె గోడల్లో ఇటుకల మధ్య సందులు విడిచి జాలీలా కడతారు. మేము చూసిన ఇంట్లో ఆ జాలీలను లోపలి నుండి మూసి, మూడు గదులూ ఒక స్నానాల గదీ ఏర్పాటు చేసి ఉన్నాయి. ప్రకటనలో 240 చదరపు మీటర్ల నివాసం అని రాశారు. ఏజెంటు మా చేతిలో కతాస్తో అనే ప్రభుత్వ రికార్డులోని ప్లాను నకలు పెట్టి, ఆ మూడు గదులూ ఇందులో గీసి ఉన్నాయి చూడండి, అంతా సక్రమంగానే ఉంది అని చెప్పాడు. ప్లానులోని గీతలూ కళ్ళ ముందున్న గోడలూ సరిగ్గా సరిపోయాయి కాబట్టి మేము నమ్మాము.

కతాస్తో పన్ను లెక్కల కోసం ఉన్న రికార్డు. మన ఊళ్ళో పంచాయతీ ఇచ్చిన ఇంటి పన్ను రశీదు చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ఇంటికి ప్లాను అనుమతి ఉన్నట్టు ఎలా కాదో, ఇక్కడ కతాస్తోలో గది కనిపించినంత మాత్రాన ఆ గది చట్టబద్ధమని చెప్పడానికి వీలు లేదు. అనుమతుల దస్త్రాలు ఉండేది కొమూనేలో, అంటే స్థానిక పురపాలక కార్యాలయంలో. 2010 నుండి అమల్లో ఉన్న నియమం ప్రకారం కతాస్తో ప్లానుకూ ఇంటికీ పొంతన ఉందని అమ్మేవారు రిజిస్ట్రేషన్ పత్రంలో ప్రకటించాలి. మా దస్తావేజులో ఆ ప్రకటన ఉంది, అది నిజం కూడా. కట్టడం 1967 సెప్టెంబరు 1కి ముందే మొదలైందని ప్రకటిస్తే అసలు నిర్మాణానికి అనుమతి వివరాలు రాయనక్కరలేదు. మా ఇల్లు 19వ శతాబ్దపుది కనుక ఆ ప్రకటనా అబద్ధం కాదు. కానీ ఫియెనీలెను గదులుగా మార్చినది 1980లలో, ఆ మార్పుకు కొమూనే అనుమతి తప్పనిసరి అయిన కాలంలో. 1989లో కతాస్తోకు కొత్త ప్లాను దాఖలు చేశారు గాని, కొమూనేకు ఒక్క కాగితమూ వెళ్ళలేదు.

దస్తావేజు రాసే నోతాయో ఇవన్నీ చూస్తారు కదా అని మేము ధీమాగా ఉన్నాము. ఇరవై ఏళ్ళ లింకు పత్రాలను, తాకట్లను, అమ్మేవారి హక్కును నోతాయో పరిశీలిస్తారు, ఆ పని మా నోతాయో ఎంతో శ్రద్ధగా చేశారు. అయితే ఆవిడ ఇంటికి వచ్చి గోడలు చూడరు, కొమూనే దస్త్రాలతో గదులను పోల్చరు. ఏజెంటుకు తన కమిషన్ ముఖ్యం. ఆ ప్లానును ఏజెంటుకు ఇచ్చిన జెయోమెత్రా, అంటే ఇక్కడి కట్టడాల సర్వేయరు, అమ్మేవారు పెట్టుకున్న మనిషి. సంతకాల బల్ల చుట్టూ అంతమంది కూర్చున్నా, మా తరఫున ఇంటిని చూసినవారు ఒక్కరూ లేరన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కప్పు మరమ్మతు కోసం అక్టోబరులో మేము సొంతంగా ఒక జెయోమెత్రాను పెట్టుకున్నాము. ఆయన మొదట అడిగింది కొమూనేలో పాత దస్త్రాలు చూడడానికి అనుమతి పత్రం. దీన్ని ఇక్కడ అచ్చెస్సో ఆల్యి ఆత్తి అంటారు. ఐదు వారాల తర్వాత దొరికిన దస్త్రంలో 1974 నాటి ఒక చిన్న మరమ్మతు అనుమతి తప్ప ఇంకేమీ లేదు. ఇంటి చట్టబద్ధ స్థితిని చూపించలేకపోతే కొత్త పనికి అనుమతి రాదు. పాత తప్పును క్రమబద్ధం చేయడానికి దారి ఉంది, కానీ అప్పట్లో అది కట్టిన నాటి నియమాలకూ దరఖాస్తు నాటి నియమాలకూ రెండింటికీ సరిపోవలసి ఉండేది. నివాస గదికి కనీస ఎత్తు 2.70 మీటర్లని 1975 నుండి నియమం ఉంది; మా మూడు గదుల ఎత్తు 2.43 మీటర్లు. 2024లో వచ్చిన సడలింపుల వల్ల కొన్ని షరతులతో 2.40 మీటర్ల ఎత్తును అంగీకరించే వీలు ఏర్పడింది గాని, మా నిర్ణయం అప్పటికే అయిపోయింది. తప్పు చేసినది ముప్పై ఏళ్ళ క్రితపు యజమాని అయినా, సరిచేయమనే ఆదేశం నేటి యజమాని పేరునే వస్తుంది. గోడలు, స్నానాల గది తీసివేసి ఆ భాగాన్ని తిరిగి గడ్డి కొట్టంగా మార్చడానికి మాకు 11,000 యూరోలు అయ్యాయి. 240 మీటర్ల ధర కట్టి 140 మీటర్ల ఇల్లు కొనుక్కున్నాము.

రెండవ సంగతి రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా దీని కోసమే ఇదంతా మొదలుపెట్టాను. కాసాలే మోన్‌ఫెర్రాతోలో 1907 నుండి 1986 వరకు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులూ గొట్టాలూ తయారు చేసే పెద్ద కర్మాగారం నడిచింది. దాని దుమ్ము కార్మికులనే కాదు, ఆ గేటు ఏనాడూ దాటని ఇల్లాళ్ళను, ఊరివారిని కూడా మెసోథీలియోమా అనే క్యాన్సర్‌తో పొట్టన పెట్టుకుంది. జబ్బు బయటపడడానికి దశాబ్దాలు పడుతుంది కనుక కర్మాగారం మూతపడిన చాలా ఏళ్ళ తర్వాత కూడా కొత్త రోగులు కనిపిస్తూ వచ్చారు. ఇటలీ 1992లో 257వ నంబరు చట్టంతో ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. ఇంతవరకు మాకూ వార్తల్లో విన్నట్టు గుర్తుంది. తెలియనిది మరొకటి ఉంది. గొట్టాలను చెక్కినప్పుడు రాలిన పొడిని ఇక్కడ పోల్వెరీనో అంటారు. చుట్టుపక్కల జనం దాన్ని తెచ్చుకుని, చలి ఆపుతుందని అటకల మీద పరిచేవారు, నేల గట్టిపడుతుందని పెరళ్ళలో, బాటల మీద తొక్కేవారు.

కొట్టం పక్క చావడి మీద బూడిద రంగు ముడతల రేకులు చూసినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. మా నాన్నగారి గొడ్ల సావిడి మీద అవే రేకులు, నేను చదివిన బడి వంటశాల మీదా అవే రేకులు. ఆంధ్రలో, తెలంగాణలో సిమెంటు రేకుల కింద పెరిగినవారికి ఆ రేకును చూస్తే భయం పుట్టదు, సొంత ఊరు గుర్తుకు వస్తుంది. పక్కన ఇటలీవాళ్ళెవరైనా ఉండి ఉంటే ముందు అడిగే ప్రశ్న మా నోట రాలేదు. ఆగస్టులో రెండు శని, ఆదివారాలు మావారూ నేనూ అటక ఎక్కి, చెక్కల మధ్య నాలుగు వేళ్ళ మందాన పేరుకున్న బూడిద రంగు పొడిని పాత సిమెంటు అనుకుని చీపుళ్ళతో ఊడ్చాము, బస్తాలకు ఎత్తి పెరట్లో ఒక మూల పోశాము. ఐదేళ్ళ మా పాప ఆ పెరట్లోనే ఆడుకుంది. అక్టోబరులో వచ్చిన జెయోమెత్రా ఆ కుప్పను చూసి రెండడుగులు వెనక్కి వేశారు. తడి గుడ్డ కప్పి, ఎవరినీ దగ్గరకు పోనివ్వవద్దని చెప్పి, పరీక్షకు పంపించారు. నవంబరు మధ్యలో నివేదిక వచ్చింది. తెల్ల ఆస్బెస్టాస్, నీలి ఆస్బెస్టాస్ రెండూ ఉన్నాయి. కొద్ది రోజుల స్పర్శ కనుక ప్రమాదం తక్కువని వైద్యులు చెప్పారు, అసలు లేదని మాత్రం అనలేదు. ఆ మాట విన్నాక పాప దగ్గిన ప్రతిసారీ నాకు ఆ పెరడే కళ్ళ ముందు మెదిలేది.

కనుక ఈ ప్రాంతంలో పాత ఇల్లు చూడబోయినప్పుడు బూడిద రంగు రేకు గాని, అటక మీద పొడి గాని కనిపిస్తే దేన్నీ కదపకండి, ఊడ్వకండి. తీయించే పని అధికారిక అనుమతి ఉన్న సంస్థే చేయాలి, పనికి ముప్పై రోజుల ముందు స్థానిక ఆరోగ్య సంస్థకు పని ప్రణాళిక సమర్పించాలి. పగలని, రాలని రేకును వెంటనే తీయనవసరం లేకపోయినా, దాని స్థితిని గమనిస్తూ ఉండే బాధ్యత యజమానిదే. ఆ ఖర్చును ధర మాట్లాడేటప్పుడే లెక్కలోకి తేవాలి.

మాకు మరింత నష్టం జరిగింది చట్టంలోని గడువు తెలియకపోవడం వల్ల. ఇటలీ పౌర స్మృతిలోని 1495వ అధికరణం ప్రకారం, కొన్న వస్తువులో దాగి ఉన్న లోపం బయటపడిన ఎనిమిది రోజుల లోపల అమ్మినవారికి తెలియజేయాలి, ఇల్లు చేతికి వచ్చిన ఏడాది లోపల దావా వేయాలి. మేము నివేదిక వచ్చాక మూడు వారాలు కుంగిపోయి కూర్చుని, ఆ తర్వాత ఏజెంటుకు మామూలు ఈమెయిలు పంపాము. రిజిస్టర్డ్ ఉత్తరం గాని, పెక్ అనే ధ్రువీకృత ఈమెయిలు గాని అయితేనే రుజువుగా గట్టిగా నిలుస్తుందని లాయరు దగ్గరకు వెళ్ళాకే తెలిసింది. అమ్మినవారు లోపాన్ని తెలిసి దాచారని చూపించగలిగితే ఆ ఎనిమిది రోజుల పట్టింపు ఉండదు. కానీ మాకు అమ్మిన నలుగురు అన్నదమ్ములు తాతగారి ఆస్తి పంచుకున్నవారు, ఏ ఒక్కరూ ఆ ఇంట్లో ఉన్నవారు కాదు. ఆస్బెస్టాస్ విషయంలో మాకు ఏమీ రాలేదు. అనుమతి లేని గదుల విషయంలో మాత్రం పద్నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాక 9,000 యూరోలకు రాజీ కుదిరింది.

గోడల గురించి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడి పాత ఇళ్ళు పియెత్రా దా కాంతోని అనే మెత్తని రాతితో కట్టినవి, నేల నుండి తేమను పీల్చి బయటికి వదులుతూ ఉంటాయి. మేస్త్రీ మాట విని మేము సిమెంటు పూత వేయించాము. మొదటి చలికాలంలోనే పూత కింద ఉప్పు పొంగి పెచ్చులు ఊడాయి. మన తాతల ఇళ్ళకు గానుగ సున్నం ఎందుకు వాడారో, ఈ రాతికీ అందుకే సున్నం పూతే తగినది.

ఇంటితో పాటు పొలం ఉంటే ఇంకొక ప్రమాదం ఉంది. పక్క పొలానికి యజమాని అయి, దాన్ని స్వయంగా సాగు చేసుకునే రైతుకు ఆ భూమిని ముందుగా కొనే హక్కు ఉంటుంది, దీన్ని ప్రెలాత్సియోనే అగ్రారియా అంటారు. అతనికి పద్ధతి ప్రకారం తెలియజేయకుండా అమ్మితే, కొనుగోలు నమోదైన ఏడాది లోపల దస్తావేజులో రాసిన ధరకే ఆ భూమిని మీ చేతుల్లో నుండి తీసుకోగలడు. మా పక్క ద్రాక్షతోట రైతు తన హక్కు వదులుకుంటున్నట్టు ముందే సంతకం చేసి ఇచ్చాడు. అది మా జాగ్రత్త వల్ల జరిగింది కాదు, నోతాయో అడిగి తెప్పించారు.

ఇవన్నీ తేల్చుకోవలసిన సమయం ప్రొపోస్తా అనే కొనుగోలు ప్రతిపాదన మీద సంతకానికి ముందే. ఏజెంటు దాన్ని వట్టి ఆసక్తి పత్రంలా మీ ముందు పెడతాడు; నిజానికి అది గడువు తీరేవరకు మీరు వెనక్కి తీసుకోలేని ప్రతిపాదన, అమ్మేవారు అంగీకరించినట్టు మీకు తెలిసిన క్షణం నుండి ఒప్పందమే. ఆ తర్వాత మీరు మనసు మార్చుకుంటే కాపర్రా, అంటే బయానా, పోతుంది. మేము అప్పుడు 5,000 యూరోలు, దస్తావేజుకు ముందు రాసుకునే మధ్య ఒప్పందంలో మరో 15,000 కట్టి ఉన్నాము. కనుక మీరు స్వయంగా పెట్టుకున్న జెయోమెత్రా కొమూనే దస్త్రాలు, కప్పు, అటక, మురుగు తొట్టి చూసి అనుకూలంగా నివేదిక ఇస్తేనే ఈ ప్రతిపాదన చెల్లుతుందన్న షరతును అందులో రాయించండి. దస్త్రాలు చూడడానికి యజమాని అధికార పత్రం కావాలి. అది ఇవ్వడానికి అమ్మేవారు వెనకాడితే, లేదా రేపు ఉదయం ఇంకొకరు వస్తున్నారని ఏజెంటు తొందర పెడితే, ఆ ఇల్లు వదిలేయండి. మాకు ఆ నివేదికకు అయ్యేది 900 యూరోలు అన్నారు. అనవసరపు ఖర్చని మేమే వద్దన్నాము.

ప్రస్తుతం మేము ఆ 140 మీటర్లలోనే ఉంటున్నాము. చావడి రేకులు తీయించి ఎర్ర పెంకు వేయించాము. అటక శుభ్రమైనట్టు 2023 అక్టోబరులో ధ్రువపత్రం చేతికి వచ్చింది. పెరట్లో మేము బస్తాలు కుమ్మరించిన చోట మోకాలి లోతున మట్టి తీసుకుపోయి కొత్త మన్ను పోశారు. అమ్మ వచ్చినప్పుడు అక్కడ గోంగూర, బెండ వేస్తానంది. నేను ఇంకా ఒప్పుకోలేదు.